ఆవలి ఒడ్డున గెలిచిన చెడుగుడు

ఈమధ్య నన్ను చూడటానికని ఎవరు వచ్చినా ముందు నా ముఖం చూసి, తర్వాత మా అబ్బాయి ముఖం చూసి, "ఇంకా గట్టిగానే ఉన్నారే" అంటున్నారు. ఆ మాటలో సంతోషం ఎంతో నిరాశ ఎంతో తేల్చుకోవడం నాకు ఒక కాలక్షేపం. అందుకే పోయిన వారం పొద్దెక్కాక, రేవు వైపు నుంచి చేతికర్ర పొడుచుకుంటూ ఒక ముసలాయన వచ్చి మా వీధి గుమ్మం ముందు ఆగి, "రామన్నగారిల్లు ఇదేనాండి, ఆయన ఉన్నారాండి" అని అడిగితే, "ఉన్నాను, ఇంకా" అని అరుగు మీంచే జవాబు చెప్పాను. ఆయన నవ్వాడు. తువ్వాలులో కట్టి తెచ్చిన చక్రకేళి అరటిపళ్ళ అత్తం అరుగు చివర పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుని, "నన్ను పోల్చేరాండి? నూకయ్యనండి, ఆవలి పాలెం" అన్నాడు. ముఖం చూసి పోల్చుకోలేదు గాని, మోకాళ్ళ మీద పెట్టుకున్న ఆ చేతులు చూసి పోల్చుకున్నాను. చేటల్లాంటి చేతులు. నా పద్దెనిమిదో ఏట ఒక మధ్యాహ్నం ఆ రెండు చేతులూ నా నడుం చుట్టూ ఉన్నాయి.

నూకయ్య పేరు వినగానే మా ఇంట్లో పిల్లలందరూ అరుగు మీదికి వచ్చి పడ్డారు. రారా మరి. మా ఇంట్లో పుట్టినవాళ్ళకి ఉగ్గుతో పాటు పోసే కథ అది. ఆవలి పాలెం వెళ్ళి, వాళ్ళ బరిలో, వాళ్ళ జనం మధ్య, మా పక్షాన ఒక్కడే మిగిలిన తాతయ్య, అవతలివాళ్ళ పహిల్వాను నూకయ్య పట్టులోంచి జారి, కూత తెగకుండా గీత ముట్టుకుని ఊరికి లంక తెచ్చిపెట్టిన కథ. చెప్పగా చెప్పగా అందులో నూకయ్య ఎత్తు ఏటేటా పెరిగింది. మొదట్లో నా అంతే ఉండేవాడు. మా అబ్బాయికి ఊహ తెలిసేసరికి తలెత్తి చూడాల్సినంత అయ్యాడు. మనవలు పుట్టాక గుమ్మం పట్టకుండా పోయాడు. ఇప్పుడు ఆ రాక్షసుడు నడుం వంగిపోయి, పంచె చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఎదురుగా కూర్చుంటే పిల్లలు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే కనిపించారు. అయినా, ఈ తాతగారి ముందే ఆ కథ చెప్పమని పట్టుబట్టారు. చెప్పాను. నూకయ్య ప్రతి వాక్యానికీ "ఆయ్" అంటూ విన్నాడు. ఎన్నో వందల సార్లు చెప్పిన కథ, ఆ రోజు మాత్రం ప్రతి "ఆయ్" దగ్గరా కాస్త తడబడింది. పిల్లలకి చెప్పేది మా చుట్టుపక్కల అందరికీ కంఠతా వచ్చు కనక ఇక్కడ రాయను. జరిగింది రాస్తాను.

మాది ఈవలి పాలెం, వాళ్ళది ఆవలి పాలెం, మధ్యలో గోదావరి పాయ. అసలు పేర్లు రాస్తే ఇప్పటికీ రెండు ఒడ్డులలోనూ కర్రలు లేస్తాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కడుతున్నారనీ, అది పూర్తయితే నది దొరలు చెప్పినట్టు వింటుందనీ అందరూ చెప్పుకుంటున్న రోజులు. నది మాత్రం ఇంకా ఎవరి మాటా వినడం మొదలుపెట్టలేదు. ఆ ఏడు వరద తీశాక పాయ మధ్యలో ఒక కొత్త లంక బయటపడింది. రెండు నెలలు తిరిగేసరికి దాని మీద మోకాలెత్తు పచ్చగడ్డి. ఉభయ పాలేలకూ గేదెలే ఆధారం. వేసవి ముదిరితే ఒడ్డున గడ్డి పరక మిగిలేది కాదు, గేదెల డొక్కలు చూస్తే మనకే అన్నం సయించేది కాదు. ఇంక ఆ లంక ఎవరిది? మాకు దగ్గరంటే మాకు దగ్గరన్నారు. తాడు పెట్టి కొలిచారు. తడిసిన తాడు సాగుతుందని వాళ్ళు, ఎండిన తాడు కుంచించుకుపోతుందని మేము వాదించి, ఆ తాడు ఎవరిదన్న కొత్త తగాదా ఒకటి తెచ్చుకున్నాం. రాజమహేంద్రవరం కచేరీకి వెళ్తే తీర్పు వచ్చేసరికి గడ్డి ఎండి, మళ్ళీ మొలిచి, మళ్ళీ ఎండుతుందని ఉభయ పక్షాల పెద్దలకీ తెలుసు. అందుకని చెడుగుడులో గెలిచినవాళ్ళు ఆ లంకలో గేదెల్ని మేపుకోవాలని తీర్మానించారు. ఈ తీర్మానాన్ని మించిన తెలివైన తీర్పు ఏ కచేరీలోనూ వచ్చి ఉండదని మా పెదనాన్న వీరన్నగారు చివరిదాకా నమ్మారు. ఆ తెలివి ఎవరిదో మాత్రం చెప్పేవారు కాదు, తనదే కనక.

ఇక ఆట ఎక్కడ అన్నది. మామూలు మనుషులైతే మా ఊళ్ళో అంటే మా ఊళ్ళో అని కొట్టుకుంటారు. మా రెండు పాలేలవాళ్ళూ అదే మాట మర్యాదగా చెప్పుకున్నారు. "మీరే మా ఊరు రావాలండి, మా గుమ్మంలో నాలుగు మెతుకులు తినాలండి" అని వాళ్ళు కబురు. "అయ్యో, పెద్దలు మీరు, మీరే రావాలండి" అని మేము కబురు. పిలుపు వెనక సంగతి అందరికీ తెలుసు. ఆటకి వచ్చిన ఊరివాళ్ళకి ముందు భోజనం పెట్టాలన్నది ఆచారం, పెట్టింది తినకపోతే ఆ ఇంటికి అవమానం. అలా తిని బరిలో దిగినవాళ్ళు గెలిచినట్టు మా చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. పరాయి ఊరు వెళ్ళి ఓడిపోవడం మావైపు ఆటలో భాగం, విందు చివర ఇచ్చే కిళ్ళీ లాంటిది. పక్షం రోజులు పోటాపోటీగా పిలుచుకున్నాక, వాళ్ళ కబుర్లు తెచ్చే మనిషి మా పెదనాన్న కాళ్ళకి దణ్ణం పెట్టడంతో మేము ఓడిపోయాం. అతిథులుగా వెళ్ళడం ఖాయమైంది.

మా పెదనాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన జీవితంలో ఎన్నడూ బరిలో దిగలేదు. కాబట్టి ఆటలో ఆయనకి తెలియని కిటుకు లేదు. తెల్లారకుండానే మమ్మల్ని లేపి, నువ్వులనూనె ఒళ్ళంతా పట్టించి, గోదావరిలో మెడలోతు దింపి, నెత్తి మీద చెయ్యి పెట్టి ముంచేవారు. తను ఒడ్డున నిలబడి వేపపుల్ల నములుతూ అంకెలు పెట్టేవారు. నలభై దాకా లోపల ఉండాలి. ముప్ఫై దగ్గర ఎవరైనా పలకరిస్తే మర్యాదకి ఆగి కుశలం అడిగి, ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోయి మళ్ళీ పది నుంచి ఎత్తుకునేవారు. అలా తయారయ్యాయి మా ఊపిరితిత్తులు. బయటికొచ్చాక చద్దన్నం, గడ్డపెరుగు, ఉల్లిపాయ. మా నాయనమ్మ నా పక్కటెముకలు నిమిరి, వీడు పోతే కూతపెట్టి ఏడ్చే ఊపిరి కూడా వీళ్ళ నాన్నకి లేదని రోజూ ఒకసారి కళ్ళు తుడుచుకునేది. కుడితి వాసన, తడి పంచెల వాసన, కొబ్బరి పీచు నానబెట్టిన గుంటల వాసన, ఈ మూడూ కలిస్తేనే ఇప్పటికీ నాకు తెల్లవారినట్టు ఉంటుంది. ఇప్పటి పిల్లలు ఆ వాసనకి ముక్కు మూసుకుంటారు. వాళ్ళు నాగరికులు.

మాఘం వెళ్ళాక ఒక ఉదయం ఏడుగురం పడవెక్కాం. పడవ దిగుతుండగా మా పెదనాన్న మా చేత ఒట్టు పెట్టించుకున్నారు: ఆకులో ఏది పడినా మూడు ముద్దలు దాటి తినకూడదని. ఆవలి ఒడ్డున నూకయ్య వాళ్ళ ఇంటి పెరట్లో ఆకులు వేశారు. నూకయ్యకి తండ్రి లేడు. తల్లి అప్పాయమ్మగారు, ఆరు గేదెలు, వాటి మీద బతికే ఇల్లు. పెరట్లోకి అడుగు పెట్టగానే వేడి బూరెల వాసన వచ్చింది. ఆ వాసనతోనే మా ఒట్టు సగం పోయింది. పనసపొట్టు కూర, కందా బచ్చలి, పులిహోర, మజ్జిగపులుసు, గారెలు, బూరెలు, ఆ బూరెలకి గుంట చేసి పోసే నెయ్యి. మా వైపు వద్దు అంటే వద్దని కాదు. ఒకటోసారి వద్దంటే మొహమాటం, రెండోసారి వద్దంటే ఆకలి, మూడోసారి వద్దంటే అప్పుడు ఆలోచిస్తారు, ఆలోచిస్తూనే వడ్డిస్తారు. పెట్టేవాళ్ళ మాట కూడా అంతే. ఆకు కనబడకుండా నింపి, "ఏం పెట్టలేదండి, ఏదో కలో గంజో" అని వాళ్ళు అనాలి. "అయ్యో, అంత మాటనకండి, ఇంత చేసేరు" అని మనం అనాలి. పొరపాటున ఎవడైనా "అవునండి, ఏమీ పెట్టలేదు" అన్నాడనుకోండి, వాడిని ఏడు తరాలు చెప్పుకుంటారు. మాకు నోట్లో పళ్ళు మొలవక ముందే ఈ మాటలు వస్తాయి.

అప్పాయమ్మగారు నా ఆకు ముందు నిలబడ్డప్పుడు నేను మూడుసార్లూ వద్దన్నాను. ఆవిడ మూడు బూరెలు వేసింది. ఎన్ని వద్దులకి అన్ని. వేసి, నా ముఖం చూసి, నెమ్మదిగా, "ఈ వేసంగికి మా గేదెలకి ఆ లంక గడ్డే దిక్కు బాబూ. అయినా మీకూ ఉన్నాయి కదా గేదెలు. అదలా ఉంచి కడుపునిండా తినండి" అంది. తప్పించుకోవడానికి దారి లేకుండా ఇంత సూటిగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తిన్నాను. మేము ఏడుగురం తిన్నాం. మా పెదనాన్న బరిలో దిగేవారు కాదు కనక ఆయన ఒట్టు ఏమీ లేకుండా తిన్నారు.

ఆట నడిపించడానికి మూడో ఊరి కరణంగారు వచ్చారు. చాలా నిజాయితీపరుడని పేరు. ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి చెవి ఆయనకి ఇష్టమైనప్పుడు వినపడేది. కూత వినాల్సిన ఆటకి ఆ పెద్దమనిషిని ఎందుకు పిలిచారని అడగకండి. పిలవకపోతే ఆయన ఏమనుకుంటారో అని పిలిచారు. మూడు ఆటలు. మొదటిది వాళ్ళు గెలిచారు, ఎందుకంటే మాలో సగంమంది కదలలేకపోయారు. రెండోది మేము గెలిచాం. ఎందుకు గెలిచామో ఎవరికీ తెలియలేదు, బహుశా వాళ్ళు కూడా మాతో పాటు తినే ఉంటారు. మూడో ఆటలో ఒక్కొక్కడూ బయటికి వెళ్ళగా వెళ్ళగా, మా పక్షాన నేను, వాళ్ళ పక్షాన నూకయ్య మిగిలాం. కూతకి వెళ్ళే వంతు నాది. వాణ్ణి ముట్టుకుని, కూత తెగకుండా తిరిగి గీతకి చేరితే లంక మాది. వాడి చేతిలో కూత తెగితే లంక వాళ్ళది. ఒడ్డున రెండు ఊళ్ళూ నిలబడి ఉన్నాయి. వాళ్ళ ఆడవాళ్ళలో ముందు వరసలో అప్పాయమ్మగారు.

చెడుగుడు చెడుగుడు అంటూ వెళ్ళాను. వాడి భుజం ముట్టుకున్నాను. తిరిగేలోగా ఆ రెండు చేతులూ నా నడుం చుట్టూ పడ్డాయి. ఇద్దరం కింద పడ్డాం. నా చెయ్యి గీతకి బెత్తెడు దూరంలో ఉంది. కూత సాగుతూనే ఉంది. నా కడుపు మీద వాడి పట్టు బిగిసేకొద్దీ వాళ్ళ అమ్మగారి మూడో బూరె దాని దారిన అది పైకి వచ్చింది. పొలమారింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అప్పుడు నూకయ్య చేసిన పని ప్రపంచంలో ఇంకే ఆటగాడూ చెయ్యడు. పట్టు వదిలేసి, లేచి కూర్చుని, నా మాడు మీద అరచేత్తో తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారండి" అన్నాడు. మంచినీళ్ళు తెమ్మని వెనక్కి తిరిగి కేక కూడా వేశాడు. ఇంట్లో ఎవరికైనా పొలమారితే చేసేదే చేశాడు. చెయ్యి ఆ పనికి అలవాటు పడి ఉంది, లంక సంగతి దానికి తెలియదు. నా చెయ్యి కూడా దాని పని అది చేసింది. బెత్తెడు జరిగి గీత ముట్టుకుంది.

కరణంగారు నడుచుకుంటూ వచ్చారు. అప్పట్లో తీర్పు చెప్పేవాడు తనకి తోచింది చెప్పేసేవాడు కాదు. ఆడినవాణ్ణి అడిగేవాడు. అడిగితే నిజం చెప్తాడని ఒక పిచ్చి నమ్మకం. ముందు నన్ను అడిగారు, నీ కూత ఆగిందా లేదా అని. ఆగింది. గీత ముట్టుకోక ముందే ఆగింది, మొదటి దగ్గుకే ఆగింది. నోరు తెరిచాను. మా పెదనాన్న ముఖం కనబడింది, మా ఊరు కనబడింది. నేను ఇంకా దగ్గుతున్నట్టు దగ్గాను. నిజానికి దగ్గు తగ్గిపోయింది. ఆ తర్వాతి దగ్గంతా నా సొంతం. కరణంగారు కాసేపు చూసి, వీడు ఇప్పట్లో మాట్లాడడని నూకయ్య వైపు తిరిగారు. నూకయ్య నన్నే చూస్తూ, "ఆగలేదండి" అన్నాడు. చెప్పాక కూడా నన్నే చూస్తున్నాడు. వీడికి వినపడలేదు కాబోలు, నీళ్ళ కోసం కేకలు వేస్తున్నాడు కదా అనుకున్నాను. మరుక్షణం మావాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తారు. పైనుంచి చూస్తే వాడు బరి మధ్యలో అలాగే నిలబడి ఇంకా నా వైపు చూస్తున్నాడు. ఓడిపోయిన ఏడుపు అనుకున్నాను.

ఆ తర్వాత నా బతుకంతా వైభోగమే. పరాయి ఒడ్డున గెలిచిన మొనగాణ్ణి. నాకు పిల్లనివ్వడానికి రాజోలు వైపు నుంచి వచ్చిన మా మామగారు కులం గోత్రం అడిగాక, ఒకసారి కూత పెట్టి చూపించమన్నారు. చూపించాను. ఊపిరి ఆగని అల్లుడు దొరికాడని ఆయన పొంగిపోయారు. ఊళ్ళో ఏ తగాదా వచ్చినా పెద్దమనిషిగా నన్నే పిలిచేవాళ్ళు, నిజాయితీగా గెలిచినవాడని. నేను వెళ్ళి, తొడ మీద చెయ్యి వేసుకుని, నిజం చెప్పమని జనాన్ని గద్దించేవాణ్ణి. ఇక లంక. ఆ వేసవి మా గేదెలు మేశాయి. మరుసటి ఏడు వరదకి సగం కొట్టుకుపోయింది. ఆ పైఏడు మిగిలిన సగమూ పోయింది. నేను లేచి దగ్గినంతసేపు కూడా ఉండలేదు ఆ లంక.

నూకయ్య సంగతి నాకు పడవ నడిపేవాళ్ళ ద్వారా తెలుస్తూనే ఉండేది. తెలుసుకోకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాను గాని రేవు మా ఇంటి ఎదురుగానే ఉంది. ఆ వేసవి వాళ్ళ ఆరు గేదెల్లో రెండు చచ్చిపోయాయి. మూడింటిని వచ్చిన ధరకి అమ్మేసుకున్నారు. వీడు విని కూడా మంచితనం కోసం అబద్ధం చెప్పి ఊరి గడ్డి పోగొట్టాడని వాళ్ళ ఊరంతా వాణ్ణి వేలెత్తి చూపించింది. పేరు పెట్టి పిలవడం మానేసి "ఆగలేదండి" అని పిలిచేవారట. "ఆగలేదండి వచ్చేడు, ఆగలేదండికి మజ్జిగ పొయ్యండి" అని. చిన్న పిల్లలు కూడా. వాళ్ళ అమ్మ రేవుకి నీళ్ళకి రావడం మానేసిందట. ఇంకో ఏడాదికి, గన్నవరం దగ్గర నది మీదుగా కాలవ కడుతున్నారంటే మట్టి మొయ్యడానికి వెళ్ళిపోయాడు. నది మీద కాలవేమిటని మా పెద్దలు పడీ పడీ నవ్వారు. ఆ కాలవ నీళ్ళే ఇప్పుడు వాళ్ళ మనవల చేలల్లో పారుతున్నాయి. అప్పాయమ్మగారు పోయినప్పుడు కొడుకు గన్నవరంలోనే ఉన్నాడు. కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఇది విన్న రోజు నేను అన్నం తినలేదు. మర్నాడు తిన్నాను.

ఇంత చేసినవాణ్ణి ఇప్పటి కాలం పాడైపోయిందని అనడానికి నాకు నోరు రాకూడదు. అయినా వస్తుంది, ముసలివాడి నోరు కదా. ఇప్పుడు కాలవలొచ్చాయి, రెండు పంటలొచ్చాయి, గడ్డికి కొదవ లేదు. తగాదాకి అమలాపురంలో ప్లీడర్లున్నారు, తాడు పట్టుకుని నీళ్ళలో దిగనక్కర్లేదు. భోజనాల్లో ఒక్కసారి వద్దంటే చాలు, గరిటె పక్క ఆకులోకి వెళ్ళిపోతోంది. నాలాంటివాడు మొహమాటానికి వద్దని, పక్కవాడి బూరె వంక చూస్తూ కూర్చోవాలి. మా పెద్ద మనవడు చిట్టిబాబు రాజమండ్రిలో చదువుతూ అక్కడ ఫుట్‌బాలు అనే ఆట నేర్చుకున్నాడు. తోలుబంతిని కాలితో తన్నాలట. మధ్యలో ఈల పట్టుకుని ఒకాయన ఉంటాడట. ఆయన ఈల ఊది ఏది అంటే అదేనట, ఆడేవాడు నోరెత్తకూడదట. ఎంత సుఖమైన ఆట అనుకున్నాను. ఎవణ్ణీ ఏదీ అడగరు. మోసం చేసినా నీ నోటితో చెప్పాల్సిన పని లేదు, ఈలదే పాపం. మా రోజుల్లో ఆ ఈల ఉంటే నేను ఎంత మంచివాడిగా బతికేవాణ్ణి.

అరుగు మీద నేను కథ ముగించగానే, అందరికన్నా ముందు ఈ చిట్టిబాబే నూకయ్యని అడిగాడు, అంత గట్టి పట్టులోంచి మా తాతయ్య ఎలా జారేరండీ అని. నూకయ్య మామూలుగా, "జారలేదు బాబూ. మీ తాతగారికి పొలమారింది. మాడు మీద తట్టేను" అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. ఇన్నేళ్ళుగా నేను చెప్పిన కథలో పొలమారడం లేదు. చిట్టిబాబు నవ్వలేదు. ఫుట్‌బాలు ఆడేవాడు కదా, ఆటల్లో తప్పులు పట్టడం వాడికి కొత్తగా వచ్చిన విద్య. పొలమారితే దగ్గు వస్తుంది కదండీ, దగ్గితే కూత ఆగాలి కదండీ అన్నాడు. పిల్లల నవ్వు తగ్గింది. అందరూ నా వైపు తిరిగారు. నా గొంతులో దగ్గు సిద్ధంగా ఉంది. ఇన్నేళ్ళ అలవాటు మరి.

నూకయ్య నా ముఖంలోకి చూశాడు. చూస్తూ, "ఆగలేదు బాబూ" అన్నాడు.

అని, ఊరుకోలేదు, చూస్తూనే ఉన్నాడు. బరి మధ్యలో నిలబడి చూసిన చూపే. అప్పుడు నేను భుజాల మీద ఉండి అది ఏడుపనుకున్నాను. ఇప్పుడు వాడు నాకు మూరెడు దూరంలో, నా అరుగు మీదే కూర్చుని ఉన్నాడు, తప్పుగా అనుకోవడానికి వీలు లేదు. ఆకు నిండా వడ్డించి ఏం పెట్టలేదండి అన్న మనిషి, అవతలివాళ్ళు కాదనడం కోసం అలాగే చూస్తాడు. ఆ మాట నిజమనుకుని ఎవరూ అనరు. కాదనిపించుకోవడానికి అంటారు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ రోజు లంక ముందు మర్చిపోయాను.

"ఆగింది" అన్నాను. "కూత ఆగింది చిట్టిబాబూ. గీత ముట్టుకోక ముందే ఆగింది. ఆ ఆట మనది కాదు, వీళ్ళది."

నూకయ్య "ఆయ్" అన్నాడు. తర్వాత తన చేతులు చూసుకుంటూ, "ఈ మాట అప్పుడే అంటారనుకున్నానండి. మా ఇంట తిన్న మనిషిని పట్టుకుని ఆగిందని నేనెలా అంటానండి? నేను ఆగలేదంటాను, మీరు కాదండీ ఆగిందండీ అంటారు, అప్పుడు ఇంకో ఆట ఆడదాంలే అనుకున్నాను. మీరు అన్లేదు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

క్షమించమని అడిగితే అది కూడా మర్యాద మాటల్లో కలిసిపోతుందేమోనని భయపడి, అడగలేదు. నూకయ్య కర్ర తీసుకుని లేచాడు. ఒక మెట్టు దిగి వెనక్కి తిరిగి, నా దగ్గర ఏదో వస్తువు అరువు అడుగుతున్నవాడిలా మొహమాటపడుతూ, "ఈ మాట మావాళ్ళకి చెప్పుకోవచ్చాండి?" అని అడిగాడు.

చెప్పుకోమన్నాను. తనతో పడవలో వచ్చి నేనే చెప్తానన్నాను. వాడి ముఖం ఒక్కసారి వెలిగింది. రేవు వైపు చూస్తూ అక్కడే నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. ఎవరికి ముందు చెప్పాలా అని పేర్లు అనుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఒక్కొక్క పేరూ అనుకుంటున్నాడు, ఒక్కొక్కటీ వదిలేస్తున్నాడు. ఆ రోజు ఒడ్డున నిలబడి ఆట చూసినవాళ్ళు, వాడికి పేరు పెట్టినవాళ్ళు, ముందు వరసలో నిలబడ్డ వాళ్ళ అమ్మ.

"ఎవరూ లేరండి" అన్నాడు నూకయ్య. అని, మెట్టెక్కి వచ్చి మళ్ళీ నా పక్కన కూర్చున్నాడు.